మా బెంజి లారీ, మేస్త్రి కూలి

మన క్యాంపుల్లో లారీ కథ లేని ఇల్లు తక్కువ. పండక్కి అందరం కలిస్తే మా ఇంట్లోనూ ఒకటి తప్పకుండా వస్తుంది: "కొత్త హెడ్డు వేయించినా నీళ్ళు కారాయి, మేస్త్రి మోసం చేశాడు." చిన్నప్పట్నించీ ఇదే విన్నాం, ఇదే నమ్మాం. ఈమధ్య తాతయ్య ఖాతా పుస్తకాలు సర్దుతుంటే సంగతి వేరే అని తెలిసింది. అందుకే రాస్తున్నాం. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు రాత నాన్నమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే సర్దుకోండి.

ముందు ఆ కాలం గురించి కొంచెం. తుంగభద్ర డ్యాం నీళ్ళు 1953లో కాలువలకి వచ్చాయి. ఎడమ కాలువ కింది గంగావతి, సింధనూరు అప్పట్లో హైదరాబాదు రాష్ట్రంలో, రాయచూరు జిల్లాలో ఉండేవి. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో కలిశాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడ ఎకరం అమ్ముకుని ఇక్కడ నాలుగు కొనుక్కోవచ్చని వచ్చారు. గుడిసెలు వేసుకున్న చోట్లే క్యాంపులయ్యాయి. వరి పండింది, గంగావతిలో రైసు మిల్లులు లేచాయి. మిల్లు ఉంటే లారీ కావాలి కదా.

ఆ రోజుల్లో లారీ అంటే బెంజి. టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు చేయడం మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ముందర నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది గానీ, మనవాళ్ళ నోట్లో మాత్రం అది బెంజిగానే ఉండిపోయింది. తాతయ్య సెకండ్ హ్యాండులో కొన్న బండిని కూడా ఇంట్లో అలాగే పిలిచేవాళ్ళు.

1980ల మధ్యలో, కోతల సీజన్‌లో, బియ్యం లోడుతో హుబ్బళ్ళి దారిలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. చూస్తే హెడ్డు పగిలింది. హెడ్డంటే ఇంజన్ బ్లాకు మీద ఉండే బరువైన ఇనప మూత. రెండింటి మధ్యా ప్యాకింగ్ ఉంటుంది. లోపల మండే మంట, చల్లబరిచే నీళ్ళు, ఆయిల్ ఒకదాంతో ఒకటి కలవకుండా ఆపేది అదే. మేస్త్రి కొత్త హెడ్డు బిగించాడు. రెండో రోజే హెడ్డు, బ్లాకు కలిసే గీత దగ్గర, ముందు వైపు, నీటి చుక్కలు. విప్పి ప్యాకింగ్ మార్చాడు. మళ్ళీ కారింది. ఇంకోసారి మార్చాడు. అయినా కారింది. తాతయ్య కోపంతో కూలి ఆపేసి పంపించేశారు.

ఖాతాలో ఆ పేజీ చిన్నదే: "హెడ్డు 1. ప్యాకింగ్ 3. మేస్త్రి కూలి నిలిపినాము." దాని కింద వేరే సిరాతో ఇంకో లైను: "వాటర్ డమ్మీ 1." కథలో ఎవరూ చెప్పని మాట అది.

బాబాయి అప్పుడు ఆ లారీకి క్లీనరు, పదిహేడేళ్ళ కుర్రాడు. ఆయన్ని కూర్చోబెట్టి అడిగాం. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం కాబట్టి ప్రశ్నలు అలవాటే. ఆయిల్ గేజి కడ్డీ తీసి చూస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉందా? లేదు. ఇంజన్ నడుస్తుంటే రేడియేటర్లో బుడగలు? లేవు. సైలెన్సర్లో తెల్లటి ఆవిరి? అదీ లేదు. అంటే నీళ్ళు ఆయిల్లోకి గానీ సిలిండర్లోకి గానీ పోవట్లేదు, బయటికే వస్తున్నాయి. మరి ప్యాకింగ్ మీదే మూడుసార్లు ఎందుకు పడ్డారు? ఎందుకంటే చుక్క అక్కడే కనబడింది.

"మీ నాన్నమ్మే కనిపెట్టింది" అన్నాడు బాబాయి. ఇంజన్ గుడ్డతో పొడిగా తుడిచి, హెడ్డు చుట్టూ ముగ్గు పిండి చల్లి, బండి స్టార్ట్ చేసి వేడెక్కేదాకా చూశారట. తడి గీత ముందు వైపు మొదలవలేదు. హెడ్డు వెనకాల, క్యాబిన్ గోడ పక్కన, చెయ్యి దూరని చోట మొదలైంది. అక్కడొక గుండ్రటి రేకు బిళ్ళ ఉంటుంది. అదే వాటర్ డమ్మీ. హెడ్డు పోత పోసేటప్పుడు లోపలి ఇసక తీయడానికి వదిలిన కంతల్ని దాంతో మూస్తారు. కొత్త హెడ్డుతోపాటే వచ్చిన ఆ బిళ్ళ వదులుగా ఉంది. చల్లగా ఉంటే కారదు, వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగితే కారుతుంది. నీళ్ళు కిందికి జారి, అతుకు గీత వెంట పాకి, ముందుకి వాలి నిలబెట్టిన బండిలో ముందు వైపు బొట్టుగా పడ్డాయి.

అంటే బిగింపులో తప్పులేదు. కొత్త సామాను కదా, బాగానే ఉంటుందని అందరూ అనుకున్నారు, మేస్త్రితో సహా. ఆయన పొరపాటు అంతవరకే. బిళ్ళ మార్చాక బండి ఏళ్ళ తరబడి తిరిగింది. కూలి మాత్రం నిలిపినట్టే ఉండిపోయింది. ముగ్గు పిండి సంగతి ఇంట్లో ముచ్చటగా మిగిలింది, బాకీ సంగతి మాసిపోయింది.

మేస్త్రి ఇప్పుడు లేరు. పోయిన నెల బాబాయితో కలిసి గంగావతిలో వాళ్ళబ్బాయి దగ్గరికి వెళ్ళాం. కన్నడలోనే మాట్లాడుకున్నాం. మొత్తం విని ఆయన నవ్వాడు. "ముగ్గు పిండి చల్లి చూడండని వెళ్ళేటప్పుడు మా నాన్నే చెప్పారంట కదా" అన్నాడు. బాబాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెప్పే ఉంటాడు. నేనప్పుడు నీళ్ళు తేవడానికి వెళ్ళా" అన్నాడు. డబ్బు ఆయన వద్దన్నాడు. బాబాయి టేబుల్ మీద పెట్టి లేచాడు.

ఇకనుంచి మా ఇంట్లో ఈ కథ ఇలా చెప్పుకుంటాం: హెడ్డు బాగానే బిగించాడు, కారింది డమ్మీ, కూలి ఎగ్గొట్టింది మేము. మీ ఇంట్లో కూడా ఫలానావాడు మోసం చేశాడనే పాత కథ ఉంటే, ఖాతా పుస్తకం ఒకసారి తీసి చూడండి. అవతలింటికి వెళ్ళి వాళ్ళేం చెప్పుకుంటున్నారో కూడా అడగండి.