అమర జవాన్ల స్మారకం దగ్గర కదలకుండా నిలబడే సైనికులు ఎవరు? ఆ డ్యూటీ ఎలా వస్తుంది?

హైదరాబాద్: జనవరి 26, ఆగస్టు 15 వచ్చాయంటే సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లోని వీరుల సైనిక స్మారకం టీవీల్లో, ఫోన్లలో కనిపిస్తుంది. ముఖ్యమంత్రి పుష్పగుచ్ఛం ఉంచి నివాళి అర్పిస్తారు. ఆ పక్కనే రైఫిల్ పట్టుకుని సైనికులు శిలల్లా నిలబడి ఉంటారు. పోటీ పరీక్షల కోసం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న కుర్రాళ్లలో చాలామందికి వచ్చే డౌట్ ఒక్కటే. ఆ డ్యూటీకి ఎలా వెళ్లాలి?

విడిగా ఉద్యోగం లేదు

స్మారకం గార్డు పేరుతో ప్రత్యేకంగా నోటిఫికేషన్ రాదు. ముందు సైన్యంలో చేరాలి. సర్వీసులో ఉన్నవారిలో డ్రిల్, క్రమశిక్షణ, యూనిఫాం తీరు చూసి యూనిట్లే ఎంపిక చేస్తాయి. కాబట్టి "గార్డు పోస్టు ఇప్పిస్తాం, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే అది మోసమే. దళారులను నమ్మొద్దని ఆర్మీ తన నోటిఫికేషన్లలోనే హెచ్చరిస్తోంది.

అక్కడ ఏం చేస్తారు?

"సలామీ శస్త్ర్" అనగానే రైఫిల్‌తో వందనం చేస్తారు. "శోక్ శస్త్ర్" అంటే రైఫిల్ గొట్టాన్ని నేలవైపు తిప్పి తల వంచుతారు. బ్యూగిల్‌పై లాస్ట్ పోస్ట్ వాయిస్తారు. కొద్దిసేపు మౌనం పాటించాక రౌజ్ వినిపిస్తుంది. చూడటానికి కొన్ని నిమిషాల పనే. అందరి కదలిక ఒక్కటిగా ఉండాలంటే మాత్రం రోజుల తరబడి ప్రాక్టీస్ చేయాల్సిందే.

ఢిల్లీలో ఎలా ఉంటుంది?

ఇండియా గేట్ దగ్గర అమర్ జవాన్ జ్యోతిని 1972 జనవరి 26న వెలిగించారు. 2019 ఫిబ్రవరి 25న పక్కనే జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది. 2022 జనవరి 21న పాత జ్యోతిని అక్కడి జ్యోతిలో కలిపారు. ఆ స్మారకంలోని త్యాగ చక్రం గోడలపై అమరుల పేర్లు చెక్కి ఉంటాయి. సాయంత్రం వేళ ఒక అమరుడి కుటుంబ సభ్యులతో పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. స్మారకం చూడటానికి ప్రవేశం ఉచితం.

అమెరికాలోని ఆర్లింగ్టన్‌లో అజ్ఞాత సైనికుడి సమాధికి 1937 నుంచి రాత్రీపగలూ కాపలా ఉంది. అక్కడి సైనికుడు 21 అడుగులు నడిచి, 21 సెకన్లు ఆగి వెనక్కి తిరుగుతాడు.

మన దారిలోనే ఒక పేరు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారిపైనే సూర్యాపేట ఉంది. కల్నల్ సంతోష్ బాబుది ఆ ఊరే. 16 బిహార్ రెజిమెంట్‌కు కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్న ఆయన 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడయ్యారు. మరణానంతరం మహావీర్ చక్ర దక్కింది. గల్వాన్ అమరుల పేర్లు ఢిల్లీ స్మారకంపైనా ఉన్నాయి. గార్డు వందనం చేసేది ఇలాంటి పేర్లకే.

చేరాలంటే..

జవాను స్థాయిలో చేరేందుకు ఇప్పుడున్న దారి అగ్నిపథ్. ఈ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. సర్వీసు 4 ఏళ్లు. ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. మిగతావారు సేవా నిధి మొత్తంతో బయటకు రావాలి, పింఛను ఉండదు. ఇది ఇంట్లో వాళ్లతో మాట్లాడుకుని తీసుకోవాల్సిన నిర్ణయం.

ఆర్మీ జనరల్ డ్యూటీకి టెన్త్ పాసై ఉండాలి. ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, తర్వాత ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, ఆపై మెడికల్ ఉంటాయి. వయసు, మార్కుల వివరాలకు ఆ ఏడాది నోటిఫికేషన్ చూసుకోవాలి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరడం మంచిది. డ్రిల్ అలవాటవుతుంది, సర్టిఫికెట్‌కు బోనస్ మార్కులూ ఉంటాయి.

పరేడ్ గ్రౌండ్‌కు వెళ్లాలంటే ఎల్బీనగర్ లేదా దిల్‌సుఖ్‌నగర్‌లో రెడ్ లైన్ మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్‌కు మారాలి. జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ చివరి స్టేషన్.