వస్తున్నారా, రావట్లేదా? - ఆర్.ఎస్.వి.పి. పురాణం

ఆఫీసులో మీటింగ్ రిక్వెస్ట్ రాగానే యాక్సెప్టో, టెంటటివో నొక్కేసి మన పనిలో మనం పడిపోతాం కదా. ఆ బటన్ల వెనకున్న ఆర్.ఎస్.వి.పి. అనే నాలుగక్షరాల పుట్టిల్లు ఫ్రాన్సు. 'రెపోందే సిల్ వూ ప్లే', అంటే దయచేసి జవాబివ్వండి అని. (ప్లీజ్ అందులోనే ఉంది. మళ్ళీ 'ప్లీజ్ ఆర్.ఎస్.వి.పి.' అనడం గేటు దర్వాజా అన్నట్టే!) దొరల మర్యాదలన్నీ ఫ్రెంచిలో నడిచిన రోజుల్లో ఇంగ్లీషువాళ్ళకీ అంటుకుంది. 1922లో అమెరికాలో ఎమిలీ పోస్ట్ రాసిన 'ఎటికెట్' ప్రకారం విందు పిలుపుకి వెంటనే జవాబివ్వాలి, అదీ స్వదస్తూరీతో, తన గురించి తనే మూడో మనిషి చెప్పినట్టు. చాదస్తమే గానీ కారణం లేకపోలేదు. బల్ల చుట్టూ పన్నెండు కుర్చీలేస్తే పదమూడో మనిషి రాకూడదు, పన్నెండోవాడు ఎగ్గొట్టకూడదు.

మరి మన శుభలేఖల్లో ఇది ఎందుకు లేదు? నాకు తోచిన జవాబు: బంతి భోజనాలు. ఒక బంతి తింటుండగా పందిట్లో జనాన్ని చూసి వంటవాళ్ళు ఇంకో గుండిగకి ఎసరు పెట్టేవారు. మన భాషలో చెప్పాలంటే రన్‌టైంలో మెమరీ ఎలాకేషన్ అన్నమాట. ముందే లెక్క చెప్పక్కర్లేదు, 'సకుటుంబ సపరివార సమేతంగా' అని ధీమాగా వేసెయ్యచ్చు. అలాగని ఆ పద్ధతిని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో కులం చెప్పేది. చాకిరీ చేసినవాళ్ళు ఆఖర్న, బయట, మిగిలింది తినేవారు. లెక్క తప్పితే ఆ తప్పు పడేది వాళ్ళ ఆకులోనే.

రాలేనివాళ్ళ జవాబు సరిగ్గా పెళ్ళిరోజున టెలిగ్రాంగా దిగేది. శుభాకాంక్షలకి తపాలావాళ్ళు నంబర్లిచ్చారు, నంబరు రాస్తే అవతల పూర్తి వాక్యం వచ్చేది. 2013 జులైలో టెలిగ్రాంలే ఆగిపోయాయి.

ఈలోగా మన ఫీల్డువాళ్ళు 1998లో ఐక్యాలెండర్ ప్రమాణం (ఆర్.ఎఫ్.సి. 2445) రాశారు. అతిథి స్థితికి అందులో 'నీడ్స్-యాక్షన్', 'యాక్సెప్టెడ్', 'డిక్లైన్డ్', 'టెంటటివ్', 'డెలిగేటెడ్' అనే విలువలున్నాయి. చివరిది మనవాళ్ళని చూసే పెట్టారేమో అని నా అనుమానం: "మేం రాలేంగానీ మా అబ్బాయిని పంపిస్తాం." ఇంకో తమాషా, అందులో ఆర్.ఎస్.వి.పి. అనే పారామీటర్‌కి డిఫాల్ట్ విలువ 'ఫాల్స్'. అచ్చం మన శుభలేఖే!

ఇప్పుడు బంతులు పోయి బఫేలొచ్చాయి, ప్లేటుకింత అని రేటొచ్చింది. కుర్చీల లెక్క మన నెత్తినా పడింది. 2020 మేలో కేంద్రం పెళ్ళికి 50 మందికి మించకూడదన్నప్పుడైతే, వచ్చేదెవరన్న ప్రశ్న పోయి ఎవర్ని వదిలెయ్యాలన్న ప్రశ్న మిగిలింది.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మా చెల్లి పెళ్ళి దగ్గరపడింది. కేటరింగాయన "ఎన్ని ప్లేట్లండీ?" అని రోజూ ఫోను. నాన్నగారు ఎనిమిదొందలంటారు, బాబాయి వెయ్యంటాడు. తేడా రెండొందల ప్లేట్లు, అంటే నా నెల జీతంలో పెద్ద ముక్కే. తక్కువ చెప్తే అన్నం చాలక పరువు పోతుంది, ఎక్కువ చెప్తే గుండిగల కొద్దీ పారబోత. ఓ గూగుల్ ఫాం పెడదామన్నాను. నాన్నగారు నన్ను పురుగుని చూసినట్టు చూసి, "పిలిచి, వస్తావా రావా అని అడుగుతామట్రా?" అన్నారు. ఆయన బాధా అబద్ధం కాదు. అలా అడిగితే 'రాకపోయినా పర్లేదు' అని వినబడుతుంది అవతలివాళ్ళకి.

దారి చూపించింది మా పిన్ని. ఆవిడ ఎవర్నీ వస్తున్నారా అని అడగదు. "వదినా, ఏ బండికి దిగుతున్నారు? స్టేషన్‌కి కారు పంపాలిగా, ఎంతమందున్నారు?" అంటుంది. వచ్చేవాళ్ళు రైలు పేరు చెప్తారు, రానివాళ్ళు కాసేపు నసిగి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్తారు. నేను పక్కన కూర్చుని ఎక్సెల్లో ఎక్కిస్తున్నాను. ముహూర్తానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. నూట నలభై ఇళ్ళలో తొంభై ఒకటి అయ్యాయి. మిగతావన్నీ నీడ్స్-యాక్షన్.