పయోడర్మా గాంగ్రినోసము

పయోడర్మా గాంగ్రినోసము: శరీరరక్షణకై ఏర్పడిన న్యూట్రోఫిల్ తెల్లకణములే కట్టుదప్పి చర్మమును ధ్వంసముచేయుటవలన, ముఖ్యముగా కాళ్లపై పుట్టెడి దీర్ఘవ్రణము. ఇది అంటువ్యాధి గాదు. తొలుత చీముపొక్కువలె కనిపించి, కొలది దినములలోనే పగిలి, వంకాయరంగు అంచుతో, ఆ అంచుక్రింది చర్మము డొల్లయై, బట్ట సోకినను సహింపరాని నొప్పితో వ్యాపించును. మానినపిమ్మట జల్లెడకన్నులవంటి మచ్చ మిగులును.

చరిత్ర: ఫ్రెంచి చర్మవైద్యుడు లూయీ బ్రోక్ 1916లో ఇట్టి వ్రణములను వర్ణించెను. 1930లో అమెరికాయందలి మేయో క్లినిక్ వైద్యులగు బ్రన్‌స్టింగ్, గోకర్‌మన్, ఓలియరీ ఐదుగురు రోగులను పరిశీలించి, సూక్ష్మజీవులే దీనికి మూలమని తలచి, చీమును, కుళ్లును సూచించు నేటి నామము నుంచిరి. ఆ తలంపు నిలువలేదు గాని పేరు నిలిచినది. అయినను ఆ ఐదుగురిలో నలుగురికి పెద్దప్రేగు పూత యున్నదని వారు గుర్తించుట మహోపకారమైనది. ఏలయన, రోగులలో సుమారు సగముమందికి ప్రేగుపూతయో, రుమటాయిడ్ కీళ్లవాతమో, రక్తవ్యాధియో తోడుగా నుండునని తరువాతి పరిశీలనలవలన స్థిరపడినది.

చికిత్స: కుళ్లినదానిని కోసి తీసివేయుట వ్రణచికిత్సలో సామాన్యధర్మమే యైనను, ఈ వ్యాధియందు కత్తి తగిలినచోట పుండు మఱింత పెరుగవచ్చును; ఈ స్వభావమునకు పాథర్జీ యని పేరు. కావున అంటుకొనని కట్టు వేసి, మార్చునపుడు ఉప్పునీటితో తడిపి మెల్లగా విప్పి, లోపలి మంటను మందులతో చల్లార్చుటయే మార్గము. 1949లో కార్టిసోన్ ప్రభావము వెల్లడియైన పిమ్మట స్టిరాయిడ్లును, అనంతరము సైక్లోస్పోరినును వాడుకలోనికి వచ్చెను. 2006లో ప్రకటితమైన బ్రిటిషు పరీక్షలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అను మందు పొందినవారిలో 46 శాతమునకు రెండు వారములలో గుణము కనిపింపగా, ఉత్తుత్తి మందు పొందినవారిలో అది 6 శాతమే. 2015లో ప్రకటితమైన మఱియొక పరీక్ష 121 మందిపై ప్రెడ్నిసొలోన్ అను స్టిరాయిడు, సైక్లోస్పోరిన్‌లను పోల్చెను. ఆఱు మాసములకు ఉభయపక్షములందును 47 శాతము మందికే పుండ్లు మానెను.

నిర్ణయము: దీనిని నిశ్చయముగా తేల్చు రక్తపరీక్ష యేదియు లేదు. సిరల దోషము, ధమనుల సంకోచము, క్షయ, క్యాన్సరు మున్నగువానిని అంచునుండి తీసిన చిన్న ముక్క పరీక్షచేతను, ఇతర పరీక్షలచేతను తోసిపుచ్చవలెను. మానని కాలిపుండును చూచిన వైద్యుడు కత్తి పట్టుటకు ముందు రోగి ప్రేగులను, కీళ్లను, నెత్తురును గూర్చి విచారించుట విధి.