విశాఖ మన్యం: తెగను గుర్తించిన చట్టం, దేశాన్ని గుర్తించిన ఒప్పందం

దేశాల సార్వభౌమత్వానికి వెలుపల పుట్టి, ఆ దేశాలనే కట్టడి చేసే నియమాలను అధిదేశ న్యాయం అనవచ్చు. ఐరోపా సమాఖ్య చట్టాలు దాని పూర్తి రూపమైతే, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికలూ, పెట్టుబడుల పరిరక్షణకు రెండు దేశాలు రాసుకునే ఒప్పందాలూ దాని ఛాయలో ఎదిగినవే. ఈ న్యాయం తన ముందుకు వచ్చే మనిషిని ఎక్కువగా అతని దేశాన్ని బట్టే పోల్చుకుంటుంది. అనంతగిరి, అరకు మొదలుకొని చింతపల్లి దాకా పరుచుకున్న విశాఖ మన్యంలో మాత్రం, దాదాపు రెండు శతాబ్దాలుగా చట్టం మనిషిని తెగను బట్టి, అతడు ఉండే చోటును బట్టి గుర్తిస్తూ వచ్చింది.

ఈ ప్రత్యేక గుర్తింపు దయతో పుట్టినది కాదు. 1830లలో విశాఖపట్నం, గంజాం జిల్లాల కొండ జమీందారీలలో అలజడులు వరుసగా రేగడంతో ప్రత్యేక కమిషనరుగా వచ్చిన జార్జ్ ఎడ్వర్డ్ రస్సెల్, మైదానపు కోర్టుల తీరు కొండల్లో సాగదని తేల్చాడు. ఆ మేరకు 1839లో వచ్చిన 24వ చట్టం ఈ ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, సివిల్, క్రిమినల్ అధికారాలను గవర్నరుకు ఏజెంటుగా వ్యవహరించే కలెక్టరు చేతిలో పెట్టింది. ఆ ఏజెంటు ఏలుబడిలోని నేలకే ఏజెన్సీ అనే పేరు స్థిరపడింది. కొండను వేరుగా చూడడం ఈస్టిండియా కంపెనీకి ఖర్చు తక్కువ పాలన మాత్రమే, ఎందుకంటే అడవిపై ఆంక్షలు గానీ, ముఠాదారులనే స్థానిక పెత్తందారుల ద్వారా సాగిన వసూళ్లు గానీ ఆ వేరుతనం వల్ల ఆగలేదు. 1879 నాటి రంప తిరుగుబాటూ, 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటమూ ఏజెన్సీ హద్దుల్లోనే జరిగాయి. ఆ గుర్తింపు భూమికి రక్షణగా మారింది 1917లో, కొండజాతి మనిషి భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు బదిలీ అయితే చెల్లదని మద్రాసు ప్రభుత్వం 1వ చట్టం చేసినప్పుడు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం సంస్థానం అటు వెళ్లగా, కోదు, పోర్జా, గదబ తెగలవారు సరిహద్దుకు ఇరువైపులా మిగిలారు. 1950లో రాజ్యాంగం ఐదో షెడ్యూలు ద్వారా ఏజెన్సీని షెడ్యూల్డు ప్రాంతంగా నిలుపుకుంది గానీ, తెగల జాబితాలను రాష్ట్రాలవారీగా రాసింది. ఆ జాబితాల్లో చోటు ఎంత బలమైనదో వాల్మీకుల ఉదాహరణ చెబుతుంది: ఆంధ్రలో వారికి గిరిజన హోదా నిర్దిష్ట జిల్లాల ఏజెన్సీ ప్రాంతాలకే పరిమితం.

ఇక దేశం వెలుపల, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో ఆమోదించిన 107వ ఒడంబడిక, తెగల ప్రజలు అనాదిగా అనుభవిస్తున్న భూములపై వారికి ఉమ్మడిగా గానీ విడివిడిగా గానీ యాజమాన్య హక్కు ఉందని ఒప్పుకుంటూనే, వారిని జాతీయ జీవనంలో కలిపివేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. భారతదేశం 1958లో దాన్ని ధ్రువీకరించింది. కలిపివేసే ధోరణిని వదిలించుకుని 1989లో వచ్చిన 169వ ఒడంబడికను మాత్రం ధ్రువీకరించలేదు. 2007లో ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనకు భారత్ అనుకూలంగా ఓటు వేసింది. అయితే స్వాతంత్ర్యం నాటి భారత ప్రజలందరూ, వారి వారసులూ మూలవాసులేనన్నది తన వైఖరిగా ఉంచుకుంది. ఐరోపా సమాఖ్య తన సభ్యదేశాల జాతీయ అస్తిత్వాన్ని గౌరవించాలని ఆ సమాఖ్య ఒప్పందం నాలుగో అధికరణం చెబుతుంది, అంటే అక్కడ జాతీయ అస్తిత్వం పైనుంచి వచ్చే చట్టానికి అడ్డుగా పనికొచ్చే కవచం. ఐక్యరాజ్యసమితిలో భారత్ ఎత్తిన కవచం కూడా అలాంటిదే, కాకపోతే అందరూ మూలవాసులే అయినప్పుడు అరకు కోదుకు ఆ ప్రకటన వల్ల విడిగా ఒరిగేది ఏమీ లేదు.

కాబట్టి మన్యాన్ని కాచినది అంతర్జాతీయ ఒడంబడిక కాదు, హైదరాబాదులో రాసిన నిబంధన. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరిస్తూ 1970లో వచ్చి, జనం నోట వన్ ఆఫ్ సెవెంటీగా నిలిచిన శాసనం, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని ముందుగా భావించి, కాదని నిరూపించుకునే బరువును అతనిపైనే మోపింది. గిరిజనేతరులు తమలో తాము చేసుకునే బదిలీలను కూడా నిషేధించింది. బొర్రా ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఆ నిబంధనకు మరింత పదును పెట్టింది: బదిలీ చేయరాని వారిలో ప్రభుత్వం కూడా ఉందని, అందుచేత గిరిజనేతరులకు అది ఇచ్చే లీజులు చెల్లవని మెజారిటీ తీర్పు. ప్రభుత్వ సంస్థ గానీ గిరిజన సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చన్న వెసులుబాటు మాత్రం అందులో మిగిలింది.

ఆ వెసులుబాటు గుండానే అంతర్జాతీయ ఒప్పందం మన్యంలోకి వచ్చింది. చింతపల్లి కొండల్లోని జెర్రెల బాక్సైటును రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి, మైదానంలోని మాకవరపాలెంలో కట్టే శుద్ధి కర్మాగారానికి అందించేలా, 2007లో రాష్ట్ర ప్రభుత్వం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యూఏఈ)కు చెందిన రస్ అల్ ఖైమా పెట్టుబడుల సంస్థతో అవగాహనకు వచ్చింది. గిరిజనుల ప్రతిఘటన నడుమ తవ్వకం మొదలు కాలేదు. 2015లో జెర్రెల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు ఇస్తూ వెలువడిన 97వ నంబరు జీవో నిరసనల మధ్య నిలిచిపోయి, 2019లో రద్దయింది. ఈలోగా 2016లో, భారత్, యూఏఈల మధ్య 2013లో కుదిరిన పెట్టుబడుల ఒప్పందం కింద రస్ అల్ ఖైమా సంస్థ భారత్‌పై అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. మధ్యవర్తిత్వమంటే న్యాయస్థానానికి బదులు ఇరుపక్షాలు ఎంచుకున్న న్యాయనిర్ణేతల ముందు జరిగే విచారణ. అందులో వాది కావడానికి కావలసిన అర్హత ఎదుటి దేశపు జాతీయత. జెర్రెల కొండల కోదులు, బగతలు భారతీయులే గనుక, సొంత దేశంపై ఆ ఒప్పందం కింద దావా వేయడానికి వారికి వీలు లేదు. వారి పేరు వినిపించాలంటే ప్రతివాదిగా ఉన్న భారత ప్రభుత్వమే తన వాదనలో పలకాలి.

ఆ తర్వాత 2024 ఆగస్టు 31న భారత్, యూఏఈల మధ్య కొత్త పెట్టుబడుల ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం విదేశీ పెట్టుబడిదారు మధ్యవర్తిత్వానికి వెళ్లే ముందు మూడేళ్లు స్థానిక న్యాయ మార్గాలను ప్రయత్నించాలి. ఏజెన్సీ భూమి విషయంలో ఆ మార్గాలంటే వన్ ఆఫ్ సెవెంటీ, సమత తీర్పు చెల్లుబాటయ్యే భారతీయ న్యాయస్థానాలే.