నస్రీన్ మొహమ్మదీ రేఖాచిత్రాల్లో ఖాళీ: కళాచరిత్ర రచనకు ఒక ప్రశ్న

నస్రీన్ మొహమ్మదీ (1937-1990) కరాచీలో జన్మించి, బొంబాయిలో పెరిగి, లండన్, పారిస్ నగరాల్లో చిత్రకళ అభ్యసించారు. 1972 నుండి బరోడాలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో బోధించారు. అంటే ఆమె అజ్ఞాతంగా జీవించిన వ్యక్తి కారు. అయినా 2007 నాటి 12వ డాక్యుమెంటా, 2016 నాటి న్యూయార్క్ మెట్ బ్రాయర్ ప్రదర్శనల నేపథ్యంలో ప్రపంచం ఆమెను ‘కనుగొన్నది’ అనడం పరిపాటి అయింది. ఈ మాట ఎంతవరకు సమంజసమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆమె పరిణత రచనలు చాలావరకు కాగితంపై సిరాతో, పెన్సిలుతో, కొలత పరికరాల సాయంతో గీసినవి. వాటిలో గీత ఎంత ముఖ్యమో, గీతకూ గీతకూ నడుమ ఎడం అంత ముఖ్యం. ఎడం సమంగా ఉన్నచోట కాగితం చదునుగా కనిపిస్తుంది. అది క్రమంగా తగ్గినచోట అదే తెలుపు లోతుకు జారుతున్నట్లు తోస్తుంది. కనుక ఇక్కడ ఖాళీ నేపథ్యం కాదు, నిర్మాణంలో భాగం.

ఆమెను అమెరికన్ చిత్రకారిణి ఏగ్నెస్ మార్టిన్‌తో పోల్చి మినిమలిస్టుగా పేర్కొంటారు. మార్టిన్ గళ్లు సాధారణంగా చతురస్రపు కాన్వాసు అంతటా నిశ్చలంగా పరుచుకుంటాయి. నస్రీన్ ఏటవాలు గీతలు కాగితంలో కొంత భాగాన్నే ఆక్రమించి, మిగిలిన తెలుపును కదిలిస్తాయి. పోలిక ఉపయోగకరమే గాని, వారసత్వానికి నిదర్శనం కాదు.

స్వదేశంలోనూ ఆమెను వర్గీకరించడం సులభం కాలేదు. 1981 నాటి ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన మానవరూపానికి, కథనానికి ప్రాధాన్యమిచ్చింది. బరోడా కళను ఆ కథనధోరణితో గుర్తించే చరిత్రలో, కథ చెప్పని ఈ గీతలకు చోటు దొరకడం కష్టమైంది.

పైగా ఆమె తన చిత్రాల్లో అధికభాగానికి పేరు గాని తేదీ గాని పెట్టలేదు. మొదట గళ్లు, తర్వాత ఏటవాలు గీతలు అనే వికాసక్రమం ప్రధానంగా పరిశోధకుల ఊహ. నన్నెచోడుని కాలనిర్ణయ వివాదం ఎరిగిన తెలుగు పరిశోధకులకు ఇటువంటి ఊహల బలమూ, ప్రమాదమూ తెలిసినవే.

సహోద్యోగులకు, విద్యార్థులకు ఏళ్ల తరబడి తెలిసిన కృషిని ‘కనుగొన్నాం’ అనడం చరిత్రకారుల ఆలస్యాన్ని కళాకారిణి అజ్ఞాతత్వంగా మార్చడమే. తేదీ లేనిచోట తేదీని ఊహించవచ్చు. అయితే అది ఊహేనని చెప్పి, ఆ ఖాళీని ఖాళీగా కనిపించనివ్వడం పరిశోధకుల బాధ్యత.