సూక్ష్మ బుడగల కాంట్రాస్ట్

అల్ట్రాసౌండ్ స్కానింగులో రక్తం పారే తీరు స్పష్టంగా కనబడటానికి నరంలోకి ఎక్కించే, వాయువు నింపిన బుడగలివి. పరిమాణం 1 నుంచి 10 మైక్రాన్లు. చాలావరకు ఎర్ర రక్తకణం కంటే చిన్నవి కాబట్టి ఊపిరితిత్తుల కేశనాళికలను దాటిపోతాయి. స్కానింగు తెర మీద రక్తం నల్లగా ఉంటుంది. బుడగలు చేరగానే మార్కాపురం పలక మీద బలపంతో గీసినట్టు రక్తనాళాలు తెల్లగా తేలతాయి. శబ్ద తరంగం తగిలినప్పుడు బుడగ ముడుచుకుని, ఉబ్బి, తనదైన ప్రతిధ్వనిని పంపుతుంది. యంత్రం దాన్నే పట్టుకుంటుంది.

1968లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా బృహద్ధమని మొదట్లోకి ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందు ఎక్కిస్తూ ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీశారు. తెర మీద మేఘంలా ప్రతిధ్వనులు కమ్ముకున్నాయి. ఆ మహిమ రంగుది కాదు, మందు ఎక్కించేటప్పుడు పుట్టిన బుడగలదని తర్వాత తేలింది.

ఆ తొలినాటి పద్ధతికి దగ్గరిది ఇప్పటికీ ఎకో గదుల్లో నడుస్తోంది. రెండు సిరంజిలు, మధ్యలో త్రీవే అనే మూడు దారుల కవాటం, 9 మి.లీ. సెలైన్, 1 మి.లీ. గాలి. అటూ ఇటూ చకచకా నెడితే నురగ కడుతుంది, వెంటనే చేతి నరంలోకి ఎక్కిస్తారు. ఈ బుడగలు పెద్దవి, ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోతాయి. రెండు మూడు గుండె చప్పుళ్లలోనే ఎడమ గదుల్లోనూ కనిపిస్తే గుండె గోడలో రంధ్రం ఉందని అనుమానిస్తారు.

1980ల దశకంలో స్టీవెన్ ఫైన్‌స్టైన్ బృందం ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పొరతో చిన్న బుడగలు చేసింది. వాటి నుంచి వచ్చిన ఆల్బునెక్స్‌కు 1994లో అమెరికా అనుమతి దొరికింది. లోపలిది గాలే కావడంతో అది త్వరగా రక్తంలో కరిగిపోయేది. తేలిగ్గా కరగని బరువైన వాయువులతో 1997లో ఆప్టిసాన్, 2001లో ఐరోపాలో సోనోవ్యూ వచ్చాయి. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తమ దేశంలో వాడే ఇలాంటి బుడగల మందులపై తీవ్ర హెచ్చరిక పెట్టి, మరుసటి ఏడాదే సడలించింది.

సోనోవ్యూ సీసాలో తెల్లని పొడి, దాని మీద సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు ఉంటాయి. సెలైన్ కలిపి 20 సెకన్లు గట్టిగా కుదిపితే పాలలా అవుతుంది. ఫ్లోరైడ్ అన్న మాటకే పశ్చిమ ప్రకాశం వాళ్లు ఉలిక్కిపడతారు, పడాలి కూడా. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు 1937లో నమోదైన నాటి నెల్లూరు జిల్లాలోనే కనిగిరి, పొదిలి, దర్శి ఉండేవి. కానీ నీళ్లలోని ఫ్లోరైడ్ వేరు, ఈ వాయువు వేరు. ఇది ఒంట్లో దేనితోనూ కలవదు. దాదాపు పావుగంటలో ఊపిరితో బయటికి పోతుంది. బుడగ పొరలోని కొవ్వును శరీరం మామూలు కొవ్వులాగే వాడుకుంటుంది.

కిడ్నీ జబ్బులు పీడిస్తున్న పశ్చిమ ప్రకాశానికి ఈ బుడగల విలువ ఇక్కడే ఉంది. సి.టి. స్కానుకు వాడే అయోడిన్ మందు కిడ్నీల గుండా పోవాలి, అందుకే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూస్తారు. బుడగలకు కిడ్నీతో పనిలేదు. లోపాలు లేకపోలేదు: అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు, పేగుల్లో గాలి అడ్డొస్తే బొమ్మ సరిగా రాదు. అయినా కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి లివర్‌లో గడ్డ కనబడితే, బుడగల స్కానింగు కుదురుతుందేమో డాక్టరుగారిని ఒక్కమాట అడగండి.