డామినేటింగ్ సెట్

పేరులో పెత్తనం వినిపిస్తుంది. పుట్టిల్లు చదరంగం. 64 గళ్లనూ కాయడానికి కనీసం ఎందరు మంత్రులు కావాలని 1862లో డి యేనిష్ అడిగాడు. ఐదుగురు చాలు. ఇలా మిగతా అన్నింటినీ కాచే కొద్దిమంది గుంపే డామినేటింగ్ సెట్. 1958లో గణితజ్ఞుడు క్లాడ్ బెర్జ్ ఈ ఆలోచనను 'బాహ్య స్థిరత్వం' కింద చేర్చాడు, పలకడానికే బరువు! 1962లో ఓయిస్టీన్ ఓర్ పెట్టిన పేరే నిలిచింది.

వైర్‌లెస్ సెన్సర్లలో మంత్రుల పని కొన్ని నోడ్లది, అంటే కొన్ని సెన్సర్లది. వరసగా ఐదు సెన్సర్లు, పక్కదాని మాటే వినపడుతుందనుకోండి. రెండోదీ నాలుగోదీ అన్నింటినీ కాచేస్తాయి. కానీ ఆ రెండింటికీ మాటల్లేవు, మూడోదాన్నీ కలపాలి. ఆ మూడే బ్యాక్‌బోన్. పెద్ద నెట్‌వర్కులో అతి చిన్న బ్యాక్‌బోన్‌ను వెతకడం ఎన్‌పీ-హార్డ్, అంటే వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియదు. 1998లో గుహా, ఖుల్లర్ దగ్గరి జవాబుకు దారి చూపారు. పెత్తనమంటారు గానీ, బ్యాటరీ ముందు ఖాళీ అయ్యేది ఈ బ్యాక్‌బోన్ నోడ్లకే. అందుకే ఆ పనిని నోడ్ల మధ్య వంతులేసి తిప్పుతారు.